బంతి దొర్లని హాలు

మా సర్వే ఆఫీసు మెట్ల పక్కన గోడలో ఒక ఇత్తడి బొడిపె ఉంది. ఊళ్ళో ఏ నేల ఎంత ఎత్తులో ఉందో దాని నుంచే కొలుస్తాం. ఇరవై ఆరేళ్ళుగా కొలుస్తున్నది నేనే. నేను "స్థిరం" అని సంతకం పెడితేనే నగరసభ కొత్త బోర్లకి, కొత్త కట్టడాలకి అనుమతి ఇస్తుంది. నా మాట శిలాశాసనమని నాకు కాస్త పొగరు. దాచడమెందుకు?

అక్క ఊరి చివర చిన్నపిల్లల బడి నడుపుతుంది. ఈమధ్య అక్కడ తలుపులు వాటంతటవే తెరుచుకోవడం మొదలైంది. కింద పెట్టిన బంతి ఎవరూ తన్నకుండానే దొర్లిపోతోంది. అదీ ఎప్పుడూ ఒకే దిక్కుకి, మా ఆఫీసు వైపుకి.

"ఇక్కడ ఏదో ఉందిరా తమ్ముడూ. వెన్నులో వణుకు పుడుతోంది," అంది అక్క.

"దయ్యాలకి ఆటలు కావాల్సొచ్చాయా? ఆ బంతేదో ఇచ్చి పంపించెయ్," అన్నాను.

అయినా వెళ్ళి కొలిచాను. లెక్క ప్రకారం బడి రెండు సెంటీమీటర్లు పైకి లేచింది. బడేమన్నా పులిసిన పిండా, పొంగడానికి? నిజానికి చాలా ఏళ్ళుగా ప్రతి ఇల్లూ కాస్త లేస్తున్నట్టే వస్తోంది. నేల లేవదు కాబట్టి పనిముట్టు పొరపాటని దిద్ది, "మార్పు లేదు" అని రాసేవాణ్ణి. ఈసారీ అదే రాశాను.

తల్లిదండ్రులు మాత్రం ఊరుకోలేదు. దాంతో బడిని అన్నిటికన్నా గట్టి నేలకి మార్చాలని నగరసభ తీర్మానించింది. గట్టి నేల ఏది? నా పుస్తకం ప్రకారం, బొడిపె ఉన్నచోటు కాబట్టి కొలత ఏనాడూ మారని మా ఆఫీసే. సోమవారం నలభై ముగ్గురు పిల్లలు మా కింది హాల్లోకి వచ్చారు.

అక్క హాలు మధ్యలో బంతి పెట్టి చూసింది. అది కదల్లేదు.

"హమ్మయ్య! ఇక్కడ ఉన్నచోటే ఉంది. ఇప్పటికి గుండె కుదుటపడిందిరా," అంది. నేను కాలరెగరేశాను.

పదకొండింటికి పై అంతస్తులో వీడియో కాల్. ఓ విదేశీ పరిశోధన సంస్థతో మాకు ఒప్పందం ఉంది. వాళ్ళు ఉపగ్రహ చిత్రాలిస్తారు, మేం నేల కొలతలిస్తాం. అవతలి శాస్త్రవేత్తకి నేను పెట్టిన పేరు ఉపగ్రహమ్మ. ఆకాశంలో కూర్చుని నా నేల గురించి నాకే పాఠాలు చెబుతుందని ఆవిడంటే ఒళ్ళుమంట. దిద్దకముందటి కొలతలు కావాలని ప్రాణం తీస్తే, సణుక్కుంటూ పంపాను.

"అవి మా చిత్రాలతో అతికినట్టు సరిపోయాయి. మీ కొలతల్లో తప్పేం లేదండీ," అందావిడ.

"అయితే ఇళ్ళు లేస్తున్నాయంటారా?" నవ్వాను.

ఆవిడ నవ్వలేదు. "ఇళ్ళు లేవట్లేదు. మీ బొడిపే దిగుతోంది. బోర్లు నీళ్ళు తోడేసి ఊరంతా గిన్నెలా కుంగింది. అడుగు ఎక్కడుందో చూడండి."

తెర మీద మా ఊరి పటం. ఒకదానిలో ఒకటి ఎర్రటి వలయాలు. అన్నిటికీ నడుమ నల్లటి చుక్క, సరిగ్గా మా మెట్ల మీద.

"పోయిన నెల నుంచి వేగం పది రెట్లయింది. ఆ బిల్డింగులో ఎవరూ లేరు కదా?"

కింద పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. బంతి ఎందుకు కదల్లేదో అప్పుడు అర్థమైంది.

మెట్లు ఎలా దిగానో తెలియదు. "అక్కా, పిల్లల్ని బయటికి పంపు! ఇప్పుడే!"

"గట్టి నేలన్నది నువ్వే కదరా?"

"తప్పు చెప్పాను. ఇన్నేళ్ళూ తప్పే చెప్పాను. నీ కాళ్ళు పట్టుకుంటా, పదక్కా!"

నా నోట ఆ మాట విన్నాక అక్క ఇంకేం అడగలేదు. ఒక్కొక్కరి తల తాకి లెక్కపెడుతూ రోడ్డు అవతలికి పంపింది. నలభై మూడు.

గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూశాను. ఖాళీ హాలు నడుమ బంతి ఉన్నచోటే ఉంది. దాని కింద నేల మాత్రం చప్పుడు లేకుండా గుంటలా దిగుతోంది. కాసేపు సగం బంతి కనిపించింది. తర్వాత అదీ లేదు.

పరుగున రోడ్డు దాటాను. పిల్లలందరూ అక్క చీర పట్టుకుని నా వైపే చూస్తున్నారు.

"ఇప్పుడు వీళ్ళని ఎక్కడికి తీసుకెళ్ళనురా? గట్టి నేల ఎక్కడుంది?"

ఈ ఊళ్ళో ఆ ప్రశ్నకి ఇరవై ఆరేళ్ళుగా జవాబు చెప్పింది నేనే. ఫోన్ తీశాను.

"నాకు తెలియదక్కా. ఉండు, ఆవిణ్ణి అడుగుతాను."