బొగ్గు కాటుక

లింగమూర్తి శవాన్ని కాంట్రాక్టరు మనుషులు కడిగి తెచ్చారు. తల దువ్వి, ఉతికిన చొక్కా తొడిగి, గుడిసె ముందు మంచం మీద పడుకోబెట్టారు. బొగ్గు బాయిలో పైకప్పు కూలి చచ్చిపోయాడని అప్పటికే బస్తీ అంతా చెప్పుకుంటున్నారు. కాంట్రాక్టరు మున్షీ మాత్రం, అతను ఆ రోజు పనికే రాలేదనీ, దారిలో గుండె ఆగి పడిపోయాడనీ అన్నాడు. పక్కన పనిచేసిన సదయ్య నేల చూపులు చూశాడు. రేపు అతనికి పని ఉండాలి.

లింగమూర్తి భార్య సారక్క వంగి, బొటనవేలితో అతని రెప్ప ఎత్తింది. అంచున సన్నటి నల్ల గీత. బాయి దిగే మగవాళ్లందరికీ ఉండేదే, సబ్బుతో ఎంత తోమినా ఆ పూటకు పోదు. వారం రోజులు జ్వరంతో ఇంట్లో ఉన్న లింగమూర్తికి అది పోయింది, జ్వరం తగ్గి ఆ పొద్దునే మళ్లీ పనికి వెళ్లాడు. ఆమె అక్కడే గొంతెత్తింది.

"వారం దినాలు జరంతోని పండిన మనిషి
పనికి రాలేదంటివి మున్షీ,
ఆయన రెప్పలకు గీ బొగ్గు కాటుక
ఎవలు పెట్టిండ్రు?
నేనైతె పెట్టలె.
నువ్వు కడిగినా పోలె."

మున్షీ వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం యూనియన్ వాళ్లు సారక్కను తీసుకుని మా క్వార్టరుకు వచ్చారు. బీయే చదివినదాన్ని కాబట్టి ఆమె పాటతో కరపత్రం నన్ను రాయమన్నారు. రాస్తే రాయిగాని ఎక్కడా నీ పేరు ఉండొద్దని కంపెనీ ఆఫీసులో పనిచేసే మా ఆయన అన్నారు. సారక్క చెబుతుంటే రాసుకున్నాను. 'ఎవలు'ను 'ఎవరు' చేశాను. 'పెట్టిండ్రు'ను 'పెట్టారు' చేశాను. మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

యూనియన్ నాయకుడు రాజం ఇంకా ముందుకు పోయాడు. కాటుక ఉన్న పాదం మొత్తం కొట్టేసి 'సమరభేరి' అని రాశాడు.

"గిది ఏడుపు, చెల్లె. మనకు కొట్లాట పాట గావాలె."

సమరభేరి అంటే ఏందని సారక్క అడిగింది. నీకు తెల్వదులే అన్నాడు రాజం. గుమ్మంలో నిలబడిన పక్కింటి మైమూనా ఊరుకోలేదు.

"ఆమెకు తెల్వంది ఆమె పాటల ఎందుకున్నది, భాయ్?"

మగవాళ్లు నవ్వారు. నేను రాజం దిద్దినట్టే సాపు రాశాను.

మూడో రోజు షిఫ్టు మారే వేళకు గేటు ముందు మీటింగు పెట్టారు. లింగమూర్తి డ్యూటీలోనే చచ్చిపోయాడని ఒప్పుకునేదాకా ఎవరూ బాయి దిగవద్దని పిలుపు. పాట రాజం పాడాడు. చప్పట్లు కొట్టి, టిఫిన్ డబ్బాలు పట్టుకుని జనం బాయి దిగడానికే గేటు వైపు నడవసాగారు. మగవాళ్ల వెనక కూర్చున్న సారక్క లేచింది.

"గది నా పాట గాదు."

"కూసో చెల్లె, మీటింగు ఖరాబైతది," అన్నాడు రాజం.

"సచ్చింది నా మొగడన్నా. నా నోట్లకెల్లి రానియ్యి."

పాడింది. కాటుక దగ్గరికి వచ్చేసరికి, అప్పుడే పైకి వచ్చి స్నానం చేసి బస్సుకు పోతున్నవాళ్లు ఆగారు. ఒకరి కళ్లు ఒకరు చూసుకున్నారు. ఒకాయన రెప్ప తుడుచుకుని వేలి వంక చూశాడు. గుంపులోంచి సదయ్య ముందుకు వచ్చాడు.

"నా పక్కన్నే ఉండె. మున్షీ నోరు మూసుకొమ్మన్నడు. మూసుకున్న."

ఆ షిఫ్టు దిగలేదు.

పోలీసులు వచ్చి రాజాన్ని వదిలేసి సారక్కను జీపులో ఎక్కించుకుపోయారు. మా ఆయన వద్దంటున్నా నేనూ మైమూనా వెనకే పోయాము. గేటు దగ్గరి జనం స్టేషన్ ముందుకు చేరారు. మైమూనా కిటికీ బయట ఆగింది, నేను సారక్క దగ్గరికి లోపలికి వెళ్లాను. జమేదారు వాంగ్మూలం రాశాడు, ఎస్సై వేలిముద్ర కోసం సిరా డబ్బా ముందుకు జరిపాడు. సారక్క కాగితం నా చేతికిచ్చింది. చదివాను. 'భర్త మృతితో మతి చలించి, ఇతరుల ప్రోద్బలంతో పాట పాడితిని.'

ఆమె పిడికిలి బిగించింది.

"గివి నా మాటలు గావు. నేనెట్లన్ననో గట్ల రాస్తెనే ఏలిముద్ర ఏస్త."

ఎస్సై కొట్టడానికి చేయి ఎత్తాడు. కిటికీ అవతల మైమూనా పాట అందుకుంది. ఆమె వెనక ఆడవాళ్లు, వాళ్ల వెనక మగవాళ్లు. వాళ్లలో రాజం గొంతు కూడా వినిపించింది, సమరభేరి లేకుండా. ఎస్సై చేయి దించి, కొత్త కాగితం నా వైపు విసిరాడు.

"చదువుకున్నదానివి గదా, నువ్వే రాయి."

సారక్క చెప్పింది. పాటతో సహా అక్షరం మార్చకుండా రాశాను. కింద, రాసినవారు అనే చోట నా పేరు పెట్టాను. ఎస్సై చదివి, ఒక మాట మీద వేలు పెట్టాడు.

"ఎవలు ఏంది? ఎవరు అని దిద్దు."

"ఎవలే," అన్నాను.

సారక్క పిడికిలి విప్పి, బొటనవేలు సిరాలో అద్దింది.