కల్ అంటే ఏ రోజు

సుమ పేరు పైన, తన పేరు కింద. ఆ ఎంపిక కాగితాన్ని కహ్కషాన్ ఎన్నిసార్లు చదివినా పేర్లు తారుమారు కాలేదు.

ఇద్దరూ వరంగల్‌లో ఒకే కాలేజీలో జీవశాస్త్రం పీజీ చదివేవాళ్ళు. కణం లోపల జరిగే పనులను కంప్యూటర్‌లో లెక్కలుగా రాస్తే దాన్ని నమూనా అంటారు. ఒకరు రాసింది ఇంకొకరి కంప్యూటర్ కూడా తప్పు లేకుండా చదవాలంటే అందరూ ఒకే పద్ధతిలో రాయాలి కదా, ఆ పద్ధతులు నేర్పే మూడు రోజుల వర్క్‌షాప్ హైదరాబాద్‌లో పెట్టారు. కాలేజీకి ఒక్కరికే దారిఖర్చులు, బస ఇస్తామన్నారు. ఆ ఒక్కటీ సుమకు వచ్చింది. సుమ రాకపోతేనే కహ్కషాన్‌కు.

అసలు కీబోర్డు మీద వేళ్ళెలా పెట్టాలో సుమకు చూపించిందెవరు? కహ్కషానే. తండా నుంచి వచ్చిన కొత్తలో మౌసు ముట్టుకోవడానికే జంకిన పిల్ల! ఇప్పుడు సారు "సుమ ఫైలు చూసి నేర్చుకోండి" అన్న రోజున కహ్కషాన్ సగం అన్నంలోనే లేచిపోయేది.

అవి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతున్న రోజులు. రైళ్ళు లేవు, బస్సులు లేవు. కాలేజీ మూసేస్తే కహ్కషాన్ స్టేషన్ ఘన్‌పూర్‌కు, సుమ ఆ పక్కనున్న తండాకు చేరుకున్నారు. తండాలో సెల్లుకు సిగ్నల్ అందదని సుమ తన దరఖాస్తులో కహ్కషాన్ వాళ్ళ నాన్న అబ్దుల్ గనీ టైలరు దుకాణం నంబరే రాసింది.

శనివారం మధ్యాహ్నం ఆ ఫోన్ మోగింది. నాయనమ్మ లతీఫా బేగం ఎత్తి, నాలుగు ముక్కలు విని, "సుమా కీ గాడీ... కల్" అంటూ మనవరాలి చేతికిచ్చింది. వర్క్‌షాప్ వాళ్ళే. రేపు పొద్దున ఆరింటికి తమ వ్యాను వరంగల్ నుంచి వస్తూ ఘన్‌పూర్ బస్టాండు దగ్గర ఆగుతుందట. వచ్చేదీ లేనిదీ సుమ ఈ సాయంత్రంలోగా చెప్పాలట. చెప్పకపోతే ఆ చోటు రెండో పేరుకట.

రెండో పేరు! అంటే తనదే.

గంట గడవకముందే సుమ తండ్రి భోజ్యా రోడ్డు పక్కనున్న సమ్మె టెంటు నుంచి లేచి వచ్చాడు.

"ఫోనేమన్న ఒచ్చిందా బిడ్డా?"

కహ్కషాన్ నోరు తెరిచేలోపు లోపలి నుంచి ముసలామె అందుకుంది. "ఆయా, ఆయా! గాడీ కల్!"

ఆయా అంటే వచ్చింది, గాడీ అంటే బండి. ఉర్దూలో కల్ అంటే మాత్రం నిన్నా అదే, రేపూ అదే. వినేవాడు ఎటు తిప్పుకుంటే అటు. భోజ్యా మొహం వాడిపోయింది.

"నిన్ననా? అరె, నిన్న పొద్దుగాల మా టెంటు ముంగట్నుంచే ఒక తెల్లబండి పోయె. జర జరుగుండ్రి అని మేమే తొవ్వ ఇడిసినం గద! గదేనా?"

కహ్కషాన్ కుట్టిన జాకెట్టును మడతపెడుతూ నిలబడింది. రేపు అన్న ఒక్క మాట చాలు. అనలేదు. అబద్ధం నేనాడలేదు కదా అని తనకు తాను చెప్పుకుంది. ఆయన వెళ్ళిపోయాడు.

పొద్దువాలే వేళకు సుమే వచ్చింది. నడిచి వచ్చిన దుమ్ము కాళ్ళ నిండా. ఒక సీడీ తీసి బల్ల మీద పెట్టింది.

"నా బండి పోయిందంట గదనే. నేను రాలేదని ఇగ నీ పేరే ఉన్నది. జల్ది ఫోన్ జెయ్యి, ఇంకో బండి పంపుతరేమో, నువ్వన్న పో. నా నమూనా దీంట్ల ఉన్నది. యాడ తప్పువోయిందో జర అడిగి రా."

కహ్కషాన్‌కు ఒళ్ళు భగ్గుమంది. సీటూ దీనిదే, సారు మెప్పూ దీనిదే, చివరికి మంచితనం కూడా దీనిదేనా?

"నీ సీడీ నాకెందుకే! పోలే నీ బండి. కల్ అంటే రేపు! పొద్దుగాల ఆరింటికి, బస్టాండు కాడ!" అని అరిచేసింది.

"మరి మా బాపుకు నిన్న అని ఎవలు జెప్పిన్రు?"

"ఎవలు జెప్పలే. ఆయనే అనుకున్నడు."

"నువ్వాడ లేవా?"

"ఉన్న."

సుమ ఫోన్ తీసుకుని, మధ్యాహ్నం వచ్చిన నంబరుకు కలిపి, "సుమను సార్, వస్తున్న" అంది. ఆ గొంతు వణకకపోవడం కూడా కహ్కషాన్‌కు కంటగింపుగానే ఉంది. నిజం చెప్పేసినందుకు కడుపులో మంట తగ్గిందా అంటే, రవ్వంత కూడా తగ్గలేదు.

ఎవరు ఊరికి వెళ్ళినా రెండోవాళ్ళు వచ్చి బస్సెక్కించడం వాళ్ళకు మొదటి నుంచీ అలవాటు. మెట్టు దిగుతూ సుమ ఆగింది.

"రేపు బస్టాండుకు రాకే," అంది.

కహ్కషాన్ తలూపింది.