ఫర్లాంగున్నర దూరపు లెన్సు

వెంకయ్య మొదటి దెబ్బ కెమెరా మీద వేశాడు. రెండోది అబిగయీలు భుజం మీద పడింది.

ఆమె నల్లగుడ్డ కింద తల పెట్టి, కెమెరా వెనకాల ఉండే గరుకు అద్దం మీద హజరత్తయ్య పొలాన్ని చూసుకుంటూ ఉంది. అందువల్ల మనిషి రావడం తెలియలేదు. అద్దం మీది బొమ్మ ఒక్కసారిగా పక్కకు ఒరిగి మాయమైంది. గుడ్డ తొలగించి చూసేసరికి ట్రైపాడ్ గట్టు కిందికి దొర్లుతోంది, సరుగుడు కర్ర మళ్ళీ పైకి లేస్తోంది.

"గట్టు ఎవురిదనుకుంటా ఉండావు? గిరిబాబన్నది! దిగు కిందికి!"

ఆమె కెమెరా కోసం వంగింది. వెంకయ్య ఆమె జుట్టు పట్టుకుని వెనక్కి లాగాడు, వీపు మీద ఇంకో రెండు వేసి గట్టు మీద నుంచి తోసేశాడు. రొయ్యల గుంటల మురుగు పారే కాలువలో పడింది. మెడ కింది ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. పైన వెంకయ్య ఊడిపడిన లెన్సును చెప్పుకాలితో తొక్కుతున్నాడు.

అబిగయీలుకూ, భర్త క్రీస్తురాజుకూ కోట టౌనులో ఫొటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, పాస్‌పోర్టు ఫొటోలు, ఇల్లు గడిచేది వాటితోనే. ఆమెకు మనసున్న పని మాత్రం వేరు. పాత చెక్క కెమెరా ఒకటి ఉంది. తోలుతిత్తి లాంటి బెల్లోస్, వెనక గరుకు అద్దం, ఒక్కో బొమ్మకు అరచేతంత ఫిల్ము ఒకటి. దానితో సముద్రపు ఒడ్డు ఊళ్ళను తీసేది. బొమ్మను గోడంత పెద్దది చేసినా గడ్డిపరక విడిగా కనిపించేది.

హజరత్తయ్య పొలం విషయం ఆమెకు చెప్పింది ఆయన భార్య పెంచలమ్మ. వాళ్ళ వరి మడికి మూడు పక్కలా గిరిబాబు రొయ్యల గుంటలు తవ్వించాడు. వెంకయ్యను కాపలా పెట్టి, గుంటల్లోకి సముద్రపు నీళ్ళు తోడాడు. ఆ నీళ్ళు ఊరి ఊరి మడిలోకి దిగి, నాటిన పైరు నాటినట్టే ఎర్రబడి చచ్చింది. మట్టి మీద ఉప్పు పొరలుగా లేచింది. మండలాఫీసులో అర్జీ పెడితే, ఫోన్లో తీసిన ఫొటోలు చూసి, "ఉప్పు ఉంది సరే, గుంటల వల్లేనని ఎట్లా చెప్పమంటారు?" అన్నారు.

"గుంట, గట్టు, మడి, మూడూ ఒకే బొమ్మలో పడాలత్తా. గుంటలో నీళ్ళు మడి కంటే ఎత్తున ఉండేది తెలియాల," అంది అబిగయీలు. ఆ పనికే గట్టు ఎక్కింది.

వెంకయ్య కొట్టాడని పోతే స్టేషన్లో ఫిర్యాదు తీసుకోలేదు. ఒకరి గట్టు ఎక్కడం తప్పు కదమ్మా అన్నారు.

కెమెరా బాగుచేయించి, ఎముక అతుక్కున్నాక కూడా అబిగయీలు చాలా రోజులు స్టూడియో తలుపు వైపు వీపు పెట్టి కూర్చోలేకపోయింది. వెనక ఎవరు నడిచినా ఉలిక్కిపడేది. అయినా ఆ పొలం బొమ్మ తీయాలన్న పట్టు వదలలేదు.

"పెళ్ళిళ్ళ కెమెరాకు జూమ్ ఉండాది గదా. దూరం నుంచి రెండు కొట్టుకొచ్చేయ్," అన్నాడు క్రీస్తురాజు.

"దాంతో తీస్తే ఫోన్లో తీసినట్టే ఉంటది. చెక్క కెమెరా బొమ్మ గోడ మీద పెడితే దాని ముందు కుర్చీ వేసుకుని చూడాల ఆఫీసోళ్ళు."

"మళ్ళీ ఆ గట్టెక్కుతావా?"

"ఎక్కను. తుఫాను షెల్టరు మిద్దె ఎక్కుతా. ఆడికి మడి ఫర్లాంగున్నర. దానికి పెద్ద లెన్సు కావాల."

ఇద్దరూ రైలెక్కి చెన్నై వెళ్ళారు. పాత కెమెరాలు అమ్మే విజయభాస్కర్‌ది పుట్టుక నెల్లూరే. బల్ల మీద రెండు లెన్సులు పెట్టాడు. ఒకటి నాలుగువందల యాభై మిల్లీమీటర్లది, చిన్నది, తేలిక. ఇంకొకటి అయిదువందల మిల్లీమీటర్ల టెలి, ఇత్తడి చెంబంత బరువు.

"నన్నడిగితే చిన్నదే తీసుకోమ్మా. బొమ్మ శుభ్రంగా వస్తాది. కెమెరాను ఎట్ట వంచినా మాట వింటాది. పెద్దది అట్ట కాదు, మొండిది," అన్నాడు.

అబిగయీలు చిన్నదాన్ని కెమెరాకు బిగించి చూసింది. బెల్లోస్ పూర్తిగా లాగినా బొమ్మ కుదురుకోలేదు. ముందు ఇంకో చెక్కపెట్టె తగిలించి పొడుగు పెంచాల్సి వచ్చింది. అంత పొడుగు సాగిన బెల్లోస్‌ను వేలితో తట్టింది. అది వణికి వణికి చాలాసేపటికి గానీ ఆగలేదు. టెలి లెన్సుకు ఆ బాధ లేదు. దాని కట్టుబడే వేరు, బెల్లోస్ మూడో వంతు తక్కువ సాగినా సరిపోతుంది. బరువుకు ముందుకు తూగుతుంది, కింద ఊత పెడితే చాలు.

"మా తావున సముద్రపు గాలి తెల్లారిందగ్గర నుంచి వీస్తానే ఉంటది. ఈ పొడుగు బెల్లోస్ తెరచాప మాదిరి గాలి పట్టేస్తది. పెద్దదే ఇయ్యన్నా," అంది.

దారిలో క్రీస్తురాజు ఆ లెన్సును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "ఇంక నీ దగ్గరికి ఎవురూ రాలేరు," అన్నాడు. ఆమెకూ అదే ధైర్యంగా అనిపించింది.

షెల్టరు మిద్దె మీదికి ఎక్కిన ఉదయం గాలి ఉన్నా వెలుగు బాగుంది. ముందురోజే హజరత్తయ్యకు చెప్పి ఉంచింది: భార్యాభర్తలిద్దరూ మడి మధ్యలో కదలకుండా నిలబడాలి, అర సెకను పాటు అద్దాల కన్ను తెరుచుకుని ఉంటుంది, కదిలితే చెరిగిపోతారు. హజరత్తయ్య నవ్వి, "నిలబడేది గాక ఆ మడిలో ఇంకేం పని ఉండాది మాకు?" అన్నాడు.

నల్లగుడ్డ కింద అంతా తలకిందులు. గరుకు అద్దం మీద ఆకాశం కింద, నేల పైన. లెన్సు దూరాన్ని ముడిచి గుంటను, గట్టును, తెల్లబారిన మడిని ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు చూపిస్తోంది. మడి కంటే గుంట నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో చిన్నపిల్లకైనా తెలుస్తుంది. నడుమ ఇద్దరు మనుషులు, నువ్వుగింజలంత. భూతద్దం పెట్టి చూస్తే హజరత్తయ్య తువ్వాలు, పెంచలమ్మ చేతిలో గడ్డికొడవలి తెలుస్తున్నాయి.

అప్పుడు బొమ్మ అంచున ఇంకో మూడు గింజలు కదిలాయి. కూలీలనుకుంది. వాళ్ళు తలకిందులుగా, ఆకాశానికి వేలాడుతున్నట్టు, గట్టు దాటి మడిలోకి వచ్చారు. సన్నటి గీతలు మూడు కిందికి సాగి, పైకి లేచాయి. అద్దంలో కిందికి సాగేది నిజంగా పైకెత్తినట్టు. ఆ సంగతి తలకెక్కేలోపు హజరత్తయ్య అడ్డంగా పడిపోయాడు. దెబ్బ చప్పుడు ఆ తర్వాత వచ్చింది, ఎక్కడో కొబ్బరికాయ కొట్టినట్టు.

"కొడతా ఉండారు! మామను కొడతా ఉండారు!"

క్రీస్తురాజు మెట్లు దూకుతూ దిగి బండి తీశాడు. ఆమె గట్టిగా అరిచింది. గాలి ఆ అరుపును వెనక్కి తోసేసింది. చేతులు వాటంతటవే పనిచేశాయి. ఫిల్ము దోపింది, మూత లాగింది, తీగ నొక్కింది. ఇంకోటి దోపింది, నొక్కింది. ఫిల్ము దోపినాక అద్దం మూసుకుపోతుంది కాబట్టి ఏమీ కనిపించలేదు. కనిపించకపోవడం భరించలేక కెమెరాను అక్కడే వదిలి పరిగెత్తింది.

ఆమె చేరేసరికి మడిలో ఉప్పుపొర ఎర్రగా చితికి ఉంది. హజరత్తయ్య కుడిమోకాలు పక్కకు తిరిగిపోయింది, నోరు తెరిచి ఉంది గానీ అరుపు రావడంలేదు. క్రీస్తురాజు నుదురు పగిలి రక్తం కళ్ళల్లోకి కారుతుంటే గుడ్డివాడిలా చేతులు ఆడిస్తున్నాడు. పెంచలమ్మ కొడవలి గిరిబాబు ముంజేతిని మణికట్టు దాకా చీల్చింది. అతను చెయ్యి కడుపుకు అదుముకుని గట్టు వైపు పరిగెత్తుతున్నాడు. రెండోవాడు అతని వెనకే పోయాడు.

మిగిలింది వెంకయ్య. కర్ర ఎత్తి పెంచలమ్మ మీదికి పోతున్నాడు.

అబిగయీలు వెనక నుంచి పోయి అతని నడుముకు గుద్దుకుంది. ఇద్దరూ పడ్డారు. కర్ర జారింది. ముందుగా లేచింది ఆమే. కర్ర తీసుకుని భుజం మీద కొట్టింది. వెంకయ్య లేవబోయాడు, మళ్ళీ కొట్టింది. అతను చేతులు అడ్డం పెట్టాడు. ఆ చేతుల మీద కొట్టింది. "చాల్లేమ్మా, చాల్లే" అన్నాడు. మూతి మీద కొట్టింది. పాత ఎముక విరిగినచోట సలుపుతున్న కొద్దీ ఆమెకు కసి పెరిగింది. అతను చేతులు దించేసినాక కూడా కర్ర ఆగలేదు. ఒక దెబ్బ కంటి మీద పడింది. మెత్తగా, తడిగా తగిలింది కర్రకు.

పెంచలమ్మ వచ్చి రెండు చేతులతో ఆమెను వాటేసుకుంది. "వదులు తల్లీ, చస్తాడు! వదులు!"

హజరత్తయ్యకు కాల్లో రాడ్డు వేశారు. వెంకయ్యకు ఎడమ కన్ను పోయింది. పెంచలమ్మ మీద, అబిగయీలు మీద హత్యాయత్నం కేసులు పెట్టారు. గిరిబాబు తాను గొడవ ఆపడానికి పోయానని రాయించాడు.

ఫిల్ములు రెండూ అబిగయీలు చీకటిగదిలో కడిగింది. గుంట, గట్టు, మడి తాను కోరుకున్నట్టే పడ్డాయి. మడిలో పొగ మరకల్లాంటివి ఉన్నాయి, కర్రలూ మనుషులూ కలగలిసి పోయి. ఆ మరకల మధ్య కదలకుండా పడి ఉన్న హజరత్తయ్య ఒక్కడే స్పష్టంగా ఉన్నాడు. స్టేషన్లో చూపిస్తే, "వీళ్ళల్లో గిరిబాబు ఎవరమ్మా?" అని అడిగారు. 

కొన్నాళ్ళకు గిరిబాబు రాజీకి కబురు పెట్టాడు. షెల్టరు వరండాలో కూర్చున్నారు. అతని చెయ్యి మెడకు వేలాడుతోంది. వెంకయ్య వెనకాల స్తంభం దగ్గర గొంతుక్కూర్చున్నాడు, కన్ను మీద గుడ్డ.

"జరిగిందేదో జరిగింది. హజరత్తన్న ఆ మడి నాకు లీజుకు ఇచ్చేస్తే కేసులన్నీ ఎత్తేసుకుందాం," అన్నాడు గిరిబాబు.

హజరత్తయ్య కాలు చాపి కూర్చుని ఉన్నాడు. భార్య ముఖం చూశాడు. "దున్నేదానికి కాళ్ళు లేవు గదే," అన్నాడు మెల్లగా.

"నాకుండాయి," అంది పెంచలమ్మ. "ఇయ్యం."

గిరిబాబు అబిగయీలు వైపు తిరిగాడు. "నువ్వన్నా చెప్పమ్మా. వెంకయ్య కన్ను కేసు నీ మీదుండాది. రాజీ అయితే వాడి చేత ఎత్తేయిస్తా. వాడి సంగతి నేను చూసుకుంటా."

స్తంభం దగ్గర నుంచి మాట వచ్చింది. "నా కన్ను ఇచ్చి ఆ మడి తీసుకుంటావా అన్నా?"

అందరూ తిరిగి చూశారు.

"గమ్మునుండు వెంకయ్యా," అన్నాడు గిరిబాబు.

"గమ్మునుండే గదా ఇంత దూరం వచ్చింది. ఆస్పత్రికాడికి ఒక్కనాడు రాలేదు నువ్వు. ఈరోజు నా కన్ను గుర్తొచ్చిందా?" వెంకయ్య లేచి నిలబడ్డాడు. అబిగయీలును చూశాడు. ఆమె తల దించుకోలేదు. "నేను కేసు వెనక్కి తీసుకోను. నన్ను కిందేసి కొట్టింది ఈమె. ఈమెను నేను గట్టు మీద కొట్టినా. అదీ చెప్తా, ఇదీ చెప్తా."

అన్నట్టే చేశాడు. విచారణకు వచ్చిన డీఎస్పీ ముందు, మొదటి రోజు కెమెరా పగలగొట్టమన్నది గిరిబాబే అని, రెండోసారి హజరత్తయ్య కాలు విరగ్గొట్టమన్నది కూడా గిరిబాబే అని చెప్పాడు. హజరత్తయ్య మోకాలి మీద పడిన దెబ్బ తనదేనన్నాడు. ఆ వారంలోనే గిరిబాబును పట్టుకుపోయారు. ఆరోజు డీఎస్పీ ముందు అక్కడితో ఆపలేదు వెంకయ్య.

"నేను చేతులు దించేసినా సార్. చాల్లేమ్మా అన్నా. ఐనా కొట్టింది."

పక్కన నిలబడిన తమ లాయరు అబిగయీలు చెవిలో, ఆత్మరక్షణ అని చెప్పమన్నాడు. క్రీస్తురాజు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

డీఎస్పీ అడిగాడు: "ఈయన చెప్పేది నిజమేనా అమ్మా?"

"నిజమే సార్," అంది అబిగయీలు. "చేతులు దించినాడు. చాలన్నాడు. నాకు వినిపించింది."

డీఎస్పీ పక్కనున్న స్టేషను రైటరుకు రాసుకోమని సైగ చేశాడు.