మలుపులో స్టూలు

నలభై ఒకటో పొర మీద అతను మౌస్‌ని మెల్లగా నడిపిస్తున్నాడు. స్కాన్‌లో మోకాలు పల్చటి ముక్కలుగా వస్తుంది. ఒక్కో ముక్కలో ఎముక ఎక్కడ ఆగిందో, దాని మీది మెత్తటి పొర ఎక్కడ మొదలైందో గీత గీయాలి. గీతలన్నీ కలిస్తే కంప్యూటర్‌లో మోకాలు తయారవుతుంది. దాన్ని తెర మీద నడిపించి, మెట్లెక్కించి, దించి, ఎక్కడ ఎంత బరువు పడుతుందో లెక్క కడతారు. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. గీత చక్కగా కుదిరితే ఇప్పటికీ అతని పెదవి చివర చిన్న నవ్వు మెరుస్తుంది.

ఇవాళ మెరవలేదు. మెత్తటి పొర బాగా పల్చబడింది.

ఆ మోకాలు అతని అక్కయ్యది. ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. పదకొండేళ్ల క్రితం ఆఫీసులో పరీక్షలకి ఎవరి మోకాలైనా కావాలంటే, "నాది తీసుకోండి, ఊరికే పడుంది" అని వచ్చి స్కాన్ తీయించుకుంది. పోయిన నెల మళ్లీ తీయించుకుంది. ఆఫీసులో ఆ మోకాలి పేరే అక్కయ్య.

"ఏమండీ, అక్కయ్య ఇవాళ ఎక్కుతుందా, దిగుతుందా?" పక్క సీటు ఇంజనీరమ్మ అడిగింది.

"మెట్లు దిగుతుంది."

"దిగడం సుఖమేగా."

మధ్యాహ్నానికి లెక్క తేలింది. దిగే ప్రతి మెట్టుకీ మోకాలి మీద ఒంటి బరువుకి మూడింతల పైనే పడుతోంది. ఎక్కేటప్పటి కన్నా ఎక్కువ. తెర మీద లోపలి అంచంతా ఎర్రబడింది.

అతనికి పొద్దుటి సంగతి గుర్తొచ్చింది. వీధిలోకి వచ్చాక జేబు తడుముకుని, "అక్కా, కళ్లజోడు" అని కేకేశాడు. రోజూ వేసే కేకే. ఆవిడ రెండో అంతస్తు నుంచి దిగొచ్చింది.

"ఎంతసేపక్కా? బస్సు పోతుంది."

"తల కూడా ఎక్కడైనా పెట్టి మరిచిపోరా, అదీ తెచ్చిస్తాను."

కళ్లజోడు ఎప్పటిలాగే తళతళలాడుతోంది. ఎప్పుడు తుడుస్తుందో అతనికి తెలియదు.

ఫోన్ చేశాడు.

"ఇంకేం మరిచిపోయావు?"

"ఏం లేదు. రేపటి నుంచి నువ్వు దిగకు. నేనే పైకొస్తాను."

"అబ్బో. నా మోకాలు నీకు చాడీలు చెప్పిందా?"

"చెప్పింది."

"ఇన్నేళ్లకా? సరే, కాసేపు నడుం వాలుస్తాను. సాయంత్రం మాట్లాడదాం."

మెడలో వేలాడేసుకునే కళ్లజోడు తాడు ఒకటి కొనాలనుకున్నాడు. కింద ఖాళీ అయిన వాటా గురించి ఇంటాయన్ని అడగాలనుకున్నాడు. నాలుగింటికి పక్కింటావిడ ఫోన్ చేసింది. నిద్రలోనే పోయిందని చెప్పింది.

ఇంటికెళ్లేసరికి మెట్ల మీద జనం. సగం మెట్లెక్కాక, మలుపులో, ఎప్పుడూ తప్పుకుని వెళ్లే స్టూలు కాలికి తగిలింది. ఎదురొచ్చిన పక్కింటావిడతో, "మీ స్టూలు కాస్త లోపల పెట్టించండి, అందరికీ అడ్డం" అన్నాడు.

"నాది కాదు నాయనా, మీ అక్కయ్యదే. పొద్దున్నే దిగేటప్పుడు ఇక్కడ కాసేపు కూర్చునేది. బస్సు పోతుందని నువ్వు కేకేస్తే లేచేది."

అతను వంగి చూశాడు. చిన్న చెక్క స్టూలు. మీద పాత తువ్వాలు మడత, మధ్యలో కాస్త గుంటపడి ఉంది. దాని పక్కన, నాలుగు మడతలు పెట్టి, కళ్లజోడు తుడిచే గుడ్డ.