తల్లి చోట్లో బిడ్డ

కంభం రోడ్డులో ఉన్న పలకల షెడ్డు గేటు ఆ సోమవారం పొద్దున తెరుచుకోలేదు. పనికి వచ్చిన ఆడవాళ్లంతా సద్దిగిన్నెలు చేతబట్టుకుని రోడ్డు మీదే నిలబడ్డారు. లోపల మేస్త్రీ బ్రహ్మం ఫోనులో మాట్లాడుతూ అటూ ఇటూ తిరుగుతున్నాడే తప్ప వీళ్ల వైపు తల తిప్పడం లేదు.

"ఏందిరా బ్రహ్మం, మేమేమన్నా దొంగలమా? గేటు తీయి" అని సంతోషమ్మ అరిచింది. ఆ షెడ్డు పెట్టిన నాటి నుంచీ పనిచేస్తున్న మనిషి. ఆమెకు నోరు పెద్దది, వెనకాముందూ ఎవరూ లేరు.

బ్రహ్మం గేటు దగ్గరికి వచ్చినాడు గాని తాళం ముట్టలేదు. "మూడు నెల్లు పన్లేదు పెద్దమ్మా. సారు చెప్పమన్నాడు. కావాల్నప్పుడు కబురు పెడతాం."

"పన్లేదా? లోపల రాయి గుట్టలు గుట్టలు పడుండాది, నీ కండ్లకు ఆనడంలా?"

"నన్నడిగితే నేనేం చెప్పేది? నేను జీతగాణ్ణి."

ఆ మాట నోట్లో ఉండగానే వెనక హారన్ మోగింది. పసుపుపచ్చ బస్సు. దాన్ని చూడగానే అన్నమ్మ పక్కకు జరిగింది. ఆ బస్సు ఆమెకు బాగా తెలుసు. మూడేళ్లుగా రోజూ తన బిడ్డ కృపను ఎక్కించుకుపోయే కాలేజీ బస్సది. ఈ రోడ్డులోకి ఎందుకు వచ్చిందో అర్థం కాలేదు. ఆడవాళ్లకు తెరుచుకోని గేటు బస్సుకు తెరుచుకుంది.

మెరూన్ చుడీదార్లు, మెడలో ఐడీ కార్డులు. ఆడపిల్లలు వరసగా దిగారు. వాళ్ల ఫోన్లు కాలేజీ వాళ్లు బస్సులోనే పెట్టించుకున్నారు. వాళ్లలో కృప కూడా దిగింది. ముందు రోజు సాయంత్రం "రేపట్నుంచి ఇంటర్న్‌షిప్ అమ్మా, ఎగుమతులు చేసే పెద్ద కంపెనీ అంట" అని చెబితే అన్నమ్మ పక్కింటి ఇస్త్రీపెట్టె అడిగి తెచ్చి ఆ చుడీదారును ముడతలు లేకుండా చేసింది. కాలేజీ వాళ్లు బస్టాండులో ఫ్లెక్సీ కూడా కట్టారు. ప్రముఖ ఎగుమతి సంస్థలో మా విద్యార్థినులు అని, పై వరసలో కృప ఫొటో.

ఎగుమతి సంస్థ ఇదే. కాలేజీ కరస్పాండెంటుదే ఈ షెడ్డు. పెద్ద ఊళ్లలో గోడలకు అతికించే పలకరాళ్లు ఇక్కడ ఏరి, అంచులు నున్న చేసి, పెట్టెల్లో సర్ది పంపుతారు. డిగ్రీ చివరి ఆరు నెలల్లో పిల్లలు ఎక్కడో ఒక చోట పని నేర్చుకోవాలన్నది చదువులో నియమం. ఎక్కడన్నది మాత్రం కాలేజీ ఇష్టం. మార్కులు వేసేదీ కాలేజీయే.

గేటు కమ్మీల సందుల్లోంచి అన్నమ్మ చూస్తూనే ఉంది. బ్రహ్మం ఒక్కో పిల్లకూ ఒక్కో చోటు చూపించాడు. కృపను మూడో స్తంభం పక్కన కూర్చోబెట్టాడు. అది అన్నమ్మ చోటు.

ఆ షెడ్డు ఆడవాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. ఒకరి చోట్లో ఇంకొకరు కూర్చోరు. కాన్పుకు పోయినా, జబ్బు చేసినా ఆ చోటు అట్లాగే ఉంటుంది. కూర్చుంటే ఆమె బిడ్డో కోడలో కూర్చోవాలి. చోటు గల మనిషి తిరిగి వచ్చి వెనక నిలబడితే కూర్చున్నవాళ్లు ఒక్క మాట లేకుండా లేవాలి. మేస్త్రీలు ఎందరు మారినా ఇది మారలేదు.

బ్రహ్మానికి ఈ సంగతి తెలుసు. అందుకే బిడ్డలు చదివే తల్లుల చోట్లు ఏరి మరీ బిడ్డలకిచ్చాడు. పోతూ పోతూ గేటు దగ్గర ఆగి నవ్వాడు. "ఏం అన్నమ్మక్కా, నీ చోటు పరాయోళ్లకు పోయిందా? నీ బిడ్డకే గదా పోయింది. ఇంకెందుకు ఈ లొల్లి?"

అన్నమ్మ తల వంచుకుంది. బిడ్డలున్న మిగతా ఆడవాళ్లూ తలలు వంచుకున్నారు. ఒకరి వెనక ఒకరు ఇంటి దారి పట్టారు. బిడ్డల్లేని సంతోషమ్మ, ఇంకో నలుగురు మాత్రం గేటు పట్టుకుని ఎండెక్కే దాకా తిట్టి తిట్టి గొంతు పోగొట్టుకున్నారు.

సాయంత్రం కృప తల నిండా బూడిద రంగు దుమ్ముతో ఇంటికి వచ్చింది. వేళ్లు కోసుకుపోయి ఉన్నాయి. అన్నమ్మ నీళ్లు కాచి తల మీద పోస్తుంటే పిల్ల రెండుసార్లు దగ్గింది. అన్నమ్మ చేతిలో చెంబు ఆగిపోయింది. కృప తండ్రి కరుణాకరం కూడా రాయి కోసే మిషను దగ్గర ఇట్లాగే మొదలుపెట్టాడు, పొడిదగ్గుతో. "పోయొస్తా" అని ఒంగోలు ఆసుపత్రికి పోయినవాడు శవమై తిరిగి వచ్చాడు. ఆమె తల్లి కూడా పోయొస్తానని కూలికి వలసపోయి ఏ ఊరి మట్టిలో కలిసిందో తెలియలేదు. ఆ మాటంటే అన్నమ్మకు అందుకే వణుకు.

"అమ్మా, బీకామ్ కంప్యూటర్స్‌లో రాళ్లేరేది యా సబ్జెక్టులో వస్తాది?" అని కృప అడిగింది.

"నోరు మూసుకోని మూడు నెల్లు కూచో. మార్కులు ఆయన చేతిలో ఉండాయి."

"నీ చోటని నాకు తెల్దు. కూచున్నాక గేటు కాడ నిన్ను చూసినా. భూమిలోకి దిగిపోదామా అనిపించింది."

"నా చోటు నువ్వు కాక ఎవురు కూచుంటారే? పరాయోళ్లు కూచుంటే బాధపడాల. నేను మిరపకోతకు గుంటూరు పక్క పోతాలే. కూలోళ్లను తీసకపోయే మేస్త్రీతో మాట్లాడినా."

కృప తడిజుట్టుతోనే లేచి నిలబడింది. "నన్నీడ ఇడిసిపెట్టి పోతావా? నీ పని నేను లాక్కోని, నిన్ను ఊరు దాటిస్తే వచ్చే డిగ్రీ నాకెందుకు?"

"నీ కాళ్లు పట్టుకుంటా, గొడవల్లోకి పోబాకు తల్లీ. ఉన్నది నువ్వొక్కదానివి."

ఆ వారమంతా ఆ ఇంట్లో తల్లీబిడ్డలు సరిగా మాట్లాడుకోలేదు. అన్నమ్మ రెండు చీరలూ ఒక దుప్పటీ మూట కట్టి గోడవారన పెట్టింది. కృప వచ్చినప్పుడల్లా ఆ మూటను కాలితో మంచం కిందికి తోసేది. అన్నమ్మ మళ్లీ ఇవతలికి తీసేది.

ఆదివారం ఆరాధన అయిపోయి జనం బయటికి రాగానే సంతోషమ్మ చర్చి వాకిట్లో అడ్డంగా నిలబడింది.

"ఎవురూ కదలబాకండి. దేవుడి మాట విన్నారు గదా, ఇప్పుడు నా మాట ఇనండి. రేపు పొద్దున అందరం షెడ్డులోకి పోదాం."

"నీకేం పోయింది సంతోషత్తా? నా బిడ్డ పరీక్ష పోతే నువ్వు రాయిస్తావా?" అని ఒక తల్లి కసిరింది.

"ఆయన కాలేజీ, ఆయన షెడ్డు. తగువు పెట్టుకోని బతుకుతామా?" అంది ఇంకొకామె.

"అవునమ్మా! మీ బిడ్డలు మీ చోట్లో కూచున్నారు, మీ కడుపులు సల్లగుండాయి. నా చోట్లో ఎవురు కూచున్నారు? నాకు బిడ్డల్లేరు గదా. నేనెవురికి ఇచ్చినా నా చోటు? చెప్పండి!"

కృపతో పాటు వచ్చి గోడ పక్కన నిలబడిన కాలేజీ పిల్లల్లోంచి ఒకమ్మాయి ముందుకు వచ్చింది. పేరు స్రవంతి, రాచర్ల దగ్గర రైతుల బిడ్డ. చేతిలో మడతపెట్టిన గోనెసంచి ఉంది.

"నేను కూచున్నా పెద్దమ్మా. ఎవురిదో తెల్దు నాకు. ఈ సంచి ఆడ పరిచుండింది. మేస్త్రీని అడిగితే పాతది, పారెయ్ అన్నాడు."

సంతోషమ్మ సంచి అందుకుని అంచుకు తాను కుట్టిన చీరముక్క తడిమి చూసుకుంది. పిల్లను కిందికీ మీదికీ చూసింది. "పారెయ్యకుండా తెచ్చినావా? ఇంత తెలివి పెట్టుకోని ఆ కాలేజీలో ఎట్ల చేరినావే?"

అందరూ నవ్వారు. ఆ నవ్వుతో వాకిలి కొంచెం తేలికపడింది. స్రవంతి మాత్రం నవ్వలేదు.

"మూడేండ్లలో కంప్యూటర్ల గది తాళం తీసింది తనిఖీకి వచ్చినోళ్ల కోసమే. లెక్చరర్లు నెలకొకరు మారతారు. అడిగితే నీ నడత బాగలేదని ఇంటికి ఫోను చేస్తారు. ఇప్పుడేమో ఇది ట్రైనింగ్ అంట. మూడు నెల్లే అని మీకు చెప్పినారు గదా? రెండో ఏడాది పిల్లలకు నిన్న క్లాసులో చెప్పినారు, మా తర్వాత వాళ్లు రావాల్నంట. వాళ్ల తర్వాత మొదటేడాది వాళ్లు."

తల్లులు తమ బిడ్డల వైపు తిరిగి చూశారు.

అన్నమ్మ ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పింది లేదు. ఇప్పుడు కూడా మాట తనలో తాననుకున్నట్టే బయటికి వచ్చింది. "అంటే నా చోటు నా బిడ్డకు రాలా. దాన్ని మూడు నెల్లు కూచోబెట్టి, లేపి, ఇంకొకరి బిడ్డను కూచోబెడతాడు. నా పనీ పాయె, దీని చదువూ పాయె. చోటు సారుకు పోయింది. మనమేమో బిడ్డకే గదా అని తల దించుకోని ఇండ్లకు పోయినాం."

"అమ్మా..." అంది కృప.

"ఉండవే." అన్నమ్మ ఆడవాళ్ల వైపు తిరిగింది. "చోటు మనిషి వచ్చి వెనక నిలబడితే కూచున్నోళ్లు లేయాల. అది మన కట్టుబాటు. దాన్ని ఆ బ్రహ్మం మన నోరు మూయడానికి వాడుకున్నాడు. రేపు మనం వాడదాం."

అప్పుడు మొదలైంది గోల. పరీక్షలని, పోలీసులని, దేవుడని ఎవరికి తోచింది వాళ్లు అరిచారు. భయపడినవాళ్లు వెళ్లిపోయారు కూడా. చివరికి మిగిలినవాళ్లు తక్కువేం కాదు.

సోమవారం బస్సు లోపలికి పోయింది. గేటు మూయబోతే పిల్లలే అడ్డం నిలబడ్డారు. ఆడవాళ్లు రోడ్డు మీది నుంచి నడుచుకుంటూ లోపలికి వచ్చారు. పిల్లలు పోయి తమకు చూపిన చోట్లలో కూర్చున్నారు. తల్లులు ఒక్కొక్కరే పోయి వెనక నిలబడ్డారు. మొదట స్రవంతి లేచింది. సంతోషమ్మ సంచి పరుచుకుని దర్జాగా కూర్చుంది. తర్వాత కృప లేచింది. ఇక షెడ్డంతా లేచింది. తల్లులు కూర్చున్నారు, బిడ్డలు వాళ్ల వెనక వరసగా నిలబడ్డారు. రాని తల్లుల బిడ్డలు కూడా లేచి నిలబడి ఆ చోట్లు ఖాళీగా ఉంచారు.

బ్రహ్మం ఫోను తీశాడు. కరస్పాండెంటు కారు వచ్చేసరికి ఎండ షెడ్డులోకి పాకింది. వెనకే పోలీసు జీపు.

"ఎంత పొగరు మీకు!" కరస్పాండెంటు పిల్లల వైపు వేలు చూపించాడు. "చదువు చెప్పి, పని నేర్పి, దారి చూపిస్తే ఇదా మీరు చేసేది? హాల్ టికెట్లు ఎట్లా వస్తాయో చూస్తా. ఇప్పుడు కూచున్నోళ్లకే మార్కులు."

ఒక్క పిల్ల కూడా కూర్చోలేదు.

"పని నేర్పేదుంటే కంప్యూటర్ల గది తాళం తీయండి సార్" అని స్రవంతి అంది. "ఈ పని ఈ అమ్మలకు వచ్చు. వాళ్లది వాళ్లకియ్యండి."

"ఎవరు తెచ్చినారు వీళ్లను?" అని ఎస్సై అడిగాడు. "ఒక్క పేరు చెప్పండి, మిగతా వాళ్లకేం కాదు."

కరస్పాండెంటు కళ్లు కృప మీద ఆగాయి. "ఈ పిల్లే. ఫ్లెక్సీలో ఫొటో కూడా వేసినాం, విశ్వాసం లేదు. అన్నమ్మా, నువ్వు నెమ్మదస్తురాలివి. నీ బిడ్డకు నువ్వన్నా చెప్పుకో. క్షమించమని ఒక్క మాట అంటే దాని చదువు దానిదే."

కృప నోరు తెరవబోయింది. ఆమెకంటే ముందు అన్నమ్మ లేచింది.

"నేను చెప్పినా రమ్మని. చర్చి వాకిట్లో, అందరి ముందర. ఆ పిల్లను చూసేదేంది, నన్ను చూడు."

"అమ్మా, నువ్వు కాదు..."

"నువ్వుండు." ఎస్సై చేయి చూపించకముందే అన్నమ్మ జీపు వైపు నడిచింది. సంతోషమ్మ "పద, నేనూ వస్తా, ఒక్కదానివే పోతే దారి తెల్దు నీకు" అంటూ లేవబోతే వద్దని తలూపింది. కృప పరుగెత్తుకొచ్చి జీపు కడ్డీ పట్టుకుంది. ఎక్కబోయింది.

అన్నమ్మ ఆ వేళ్లను ఒక్కొక్కటే విడదీసింది.

"పోయొస్తా" అంది. "ఆ చోట్లో నువ్వు కూచోబాకు. ఎవుర్నీ కూచోనీబాకు."

జీపు కదిలింది. పిల్లలు, ఆడవాళ్లు గేటు దాకా వచ్చి అరుస్తున్నారు. ఆ అరుపు రోడ్డు పొడుగునా పోయింది. పక్క షెడ్డు కూలీలెవరో గోడ మీద నుంచి తొంగి చూసి "ఏంది, అన్నమ్మక్కనా? ఎందుకు?" అని అడిగారు. ఎవరో చెప్పారు.

కొంతసేపటికి పక్క షెడ్డు కూలీలు రాయి కోసే మిషను ఆపేశారు. దాని తర్వాత రోడ్డుకు అవతలిది. తర్వాత ఇంకొకటి. ఏళ్ల తరబడి పగలంతా మిషన్లు ఆగకుండా మోగే ఆ రోడ్డు మీద, మనుషుల గొంతులు మొదటిసారి స్పష్టంగా వినిపించాయి.