పళ్ళ మధ్య దారం

కరెంటు పోయింది.

ఆరు మిషన్లూ ఒక్కసారిగా ఆగాయి. వేడెక్కిన నూనె వాసన మాత్రం గదిలోనే ఉండిపోయింది.

పది నిమిషాల్లో బస్సు. కాలికి గాయమైన సైనికుడు లుక్యాన్ ఆ బస్సులో వేరే ఊరి ఆసుపత్రికి వెళ్ళిపోతాడు. అతని ప్యాంటు కుట్టు ఇంకా పూర్తి కాలేదు. నేను కాలు కాలిన పిల్లిలా గుమ్మానికీ బల్లకీ మధ్య తిరుగుతున్నాను.

ద్నిప్రో నగరంలో నాది పెళ్ళిగౌన్ల దుకాణం. ఇప్పుడూ గౌన్లు కుడతాం — యుద్ధమైనా పిల్లలు పెళ్ళిళ్ళు చేసుకుంటూనే ఉన్నారు, చేసుకోకేం! ఒక గౌను అమ్ముడైతే ఆ డబ్బుతో గాయపడ్డవాళ్ళకి నాలుగు ప్యాంట్లు ఉచితం. పక్కన పొడుగునా తెరుచుకునే ప్యాంట్లు... కాలికి ఇనుప చువ్వలు బిగించినవాళ్ళకి. కాలే లేనివాళ్ళకి. కుట్టేది ఆరుగురు ఆడవాళ్ళు, అందరూ తూర్పు నుంచి ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్ళే.

ఒకటే నియమం పెట్టాను. గాయపడ్డవాళ్ళని యుద్ధం గురించి అడగకూడదు.

ఒక్క ప్రశ్న కూడా.

అడిగారని తెలిస్తే ఆసుపత్రివాళ్ళు మనుషుల్ని పంపడం మానేస్తారు. ఆ ప్యాంట్ల కోసమనే మా దగ్గర గౌన్లు కొనేవాళ్ళు ఎక్కువ; అవి ఆగితే ఈ ఆరుగురూ మళ్ళీ రోడ్డు మీద పడతారు.

ఆ ఆరుగురిలో ఒకరైన మెలాన్యా పెద్దమ్మకీ ఆ సంగతి తెలుసు. ఆమె కొడుకు వసీల్ యుద్ధంలో కనబడకుండా పోయి పదకొండు నెలలు. లుక్యాన్ ఆసుపత్రి కాగితం మీద ఉన్నది వసీల్ దళం పేరే. పొద్దున్న ఆ కాగితం ఆమె కంటపడింది. అప్పటినుంచి గుక్కెడు నీళ్ళు కూడా తాగలేదు.

"విప్పి తొడగడానికి టైము లేదు. ఒంటి మీదే కుట్టెయ్ పెద్దమ్మా," అన్నాను.

ఆమె సూదిలో దారం ఎక్కించింది. ఇంకో ముక్క తెంపి లుక్యాన్ నోటి ముందు పెట్టింది.

"పళ్ళతో పట్టుకో నాయనా. ఒంటి మీద బట్ట కుడితే జ్ఞాపకాలు కూడా కుట్టుకుపోయి అన్నీ మర్చిపోతారంటారు. దారం కరుచుకుంటే ఏమీ కాదు."

లుక్యాన్ నవ్వాడు. పాతికేళ్ళు కూడా ఉండవు.

"అయితే ఆ దారం నాకొద్దు పెద్దమ్మా. కుట్టెయ్. ఒక్కటీ మిగలకుండా కుట్టెయ్!"

సూది ఆగిపోయింది.

అడక్కే తల్లీ... అనుకున్నాను. మరుక్షణమే — అడుగు, అడిగెయ్, పోతే పోనీ దిక్కుమాలిన దుకాణం! అనుకున్నాను. రెండూ నేనే అనుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆమె అడగలేదు. అతని మోకాలి దగ్గర గుడ్డ పట్టుకుని నేలకేసి చూస్తూ అంది —

"మా వసీల్‌ది మీ దళమే నాయనా. నేనేం అడగను. అడక్కూడదు. నువ్వు మాత్రం మర్చిపోకు. వాడు ఉన్నదల్లా నీ దగ్గరే."

లుక్యాన్ నవ్వు ఆగిపోయింది. ఆ పేరు విన్నాడు... తెలిసిన పేరే. మొహం చూస్తే తెలిసిపోతోంది.

బయట బస్సు హారన్ కొట్టింది.

లుక్యాన్ తన కాలి చువ్వలకేసి చూశాడు. తర్వాత చెయ్యి చాపాడు.

"ఇలా ఇవ్వు పెద్దమ్మా దారం."

గట్టిగా కరుచుకున్నాడు. నోట్లో దారం ఉన్నంతసేపూ మాట్లాడకూడదు. ఆమె కుట్టడం మొదలుపెట్టింది — ఎంత నెమ్మదిగా, ఎంత దగ్గర దగ్గరగా వేసిందో ఆ కుట్లు! అతను కళ్ళు మూసుకున్నాడు.

హారన్ మళ్ళీ... మళ్ళీ...

డ్రైవరుకి ఏదో ఒక అబద్ధం చెప్పి, ఆ కుట్టు పూర్తయ్యేదాకా బస్సు ఆపుదామని నేను బయటికి పరుగెత్తాను.