రాజధాని చౌకులో ముగ్గు

ఉజ్వల కట్టిన నగరంలోకి ఇంకా మనుషులు రాలేదు. ఇప్పటికి నాలుగు వందల ఏళ్ళ తర్వాతి అంగోలా అది. ఎండతో నడిచే రైళ్ళు, గాలిలోంచి నీళ్ళు పట్టే గోపురాలు. అదంతా షామ్‌బర్గ్‌లో ఒక చిన్న గేమ్ కంపెనీ రెండో అంతస్తులో, ఆమె కంప్యూటర్‌లో ఉంది.

వీధులు మాత్రం పాతకాలానివి. అక్కడి చోక్వే జనంలో పెద్దలు ఇసుకలో చుక్కలు పెట్టి, వేలెత్తకుండా వాటి చుట్టూ గీత తిప్పుతూ కథ చెప్పేవారు. ఆ బొమ్మల్ని సోనా అంటారు. ఒక్కో బొమ్మా ఒక్కో పేట కావాలన్న ఆలోచన ఉజ్వలదే. మొదటిసారి వాటి ఫొటోలు చూసినప్పుడు, గాజువాకలో అమ్మ వేసే మెలికల ముగ్గులే అనిపించి ఒళ్ళు పులకరించింది. ఆ పులకరింతే కొంప ముంచింది.

రాజధాని చౌకుకు ఎంచుకున్న బొమ్మ ఫొటోలో సగం చెరిగిపోయి ఉంది. మర్నాడే డెమో. ఎంత వెతికినా పూర్తి బొమ్మ దొరకలేదు. చుక్కలు కనబడితే తెలుగు పిల్ల చెయ్యి ఊరుకుంటుందా? మిగతా సగం అమ్మ ముగ్గుతో కలిపేసింది, తర్వాత మార్చుకోవచ్చులే అని. ఆఫీసుల్లో ‘తర్వాత’ అనేది ఎప్పుడైనా వచ్చిందా? డెమోలో అందరూ ఆ చౌకు చూసే చప్పట్లు కొట్టారు. పోస్టర్ మీదికీ అదే ఎక్కింది.

సిగ్గు చంపుకుని బాస్ రఘువీర్‌కు నిజం చెప్పింది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు పట్టుకునే మనిషి ఆయన. ఆ రోజు జుట్టే అందింది.

“ఫ్యూచర్ సిటీ కదమ్మా, అంతా ఫిక్షనే. ఇప్పుడు చేంజ్ చేస్తే రిలీజ్ పోతుంది. సోమవారం కన్సల్టెంట్ వచ్చి చూసి, బొమ్మలన్నీ కరెక్టేనని సైన్ చేస్తాడు, అంతే. నీ గ్రీన్‌కార్డ్ పేపర్స్ కూడా నెక్స్ట్ మంత్ ఫైల్ చేద్దామనుకుంటున్నా. కొంచెం సైలెంట్‌గా ఉండు.”

“ఆయన అడిగితే ఏం చెప్పనండీ?”

“అడిగితే నవ్వు.”

ఆమె వీసా ఆరో ఏట పడింది, అదే ఆఖరి ఏడు. ఆ కాగితాలు పడకపోతే పెట్టె సర్దుకోవడమే. కుడితిలో పడ్డ ఎలుకలా రెండు రోజులు కొట్టుకుంది. సోమవారం వచ్చేసింది.

కన్సల్టెంట్ పేరు దొమింగోస్. చోక్వే మనిషి, అరవై దాటిన రిటైర్డ్ టీచర్. యుద్ధంలో పదేళ్ళకే ఊరు విడిచాడట. మీటింగ్ గదిలో రఘువీర్ పక్కన కూర్చుని, తెర మీద చౌకు కనబడగానే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఇది మా తాత గీసేవాడు,” అన్నాడు ఇంగ్లిష్‌లో, మెల్లగా. “యాభై ఏళ్ళుగా గుర్తు చేసుకోవాలని చూస్తున్నాను. నువ్వెక్కడ పట్టుకున్నావమ్మా?”

ఉజ్వల నవ్వింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

“సంతకం పెడతాను గానీ, ముందు నాకు నేర్పించు. నా మనవరాలికి చూపించాలి.”

కాఫీ మిషన్ దగ్గరి పంచదార పొట్లాలు నాలుగైదు చించి, నల్లటి బల్ల మీద పోసి, అరచేత్తో చదును చేశాడు. వేలికొనతో చుక్కలు పెట్టాడు. గీత మొదలుపెట్టాడు. చకచకా సాగింది. ఫొటోలో చెరిగిపోయిన చోటికి వచ్చాక కూడా ఆ వేలు ఆగలేదు. తెర వైపు చూడకుండానే ఎడమకు తిరిగింది. తెర మీది అమ్మ ముగ్గు అక్కడ కుడికి తిరుగుతుంది.

ఉజ్వల బల్ల మీదికి వంగింది. తనకు ఎంత వెతికినా దొరకని సగం ఇదే. ఆయనకే తెలియకుండా ఆయన వేలిలో ఉంది. ఇప్పుడు చెప్పేయాలి. నోరు తెరిచింది కూడా.

“సార్, అటు కాదు,” అన్నాడు రఘువీర్ నవ్వుతూ, తెర చూపించి. ఆ వెంటనే తెలుగులో, “ఉజ్వలా, సార్‌కి హెల్ప్ చెయ్యి. పేపర్స్ సంగతి గుర్తుంది కదా,” అన్నాడు.

దొమింగోస్ వేలు ఆగిపోయింది. తెర వైపు చూశాడు, పంచదార వైపు చూశాడు. ముఖం చిన్నబోయింది.

“మరిచిపోయాను, చూశావా,” అన్నాడు. “ఎటు తిప్పాలి?”

ఉజ్వల ఆయన వేలు పట్టుకుంది. ఆ వేలు ఇంకా ఎడమకే లాగుతోంది. కాస్త బలం పెట్టి కుడి వైపుకు తిప్పింది.

“సారీ అమ్మా,” అన్నాడాయన.